సాక్షుల ఎంపిక, సరిహద్దుల నిర్ణయం: ఆర్డోవిషియన్ శిలా దశల విభజన - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

భూచరిత్రలో ఆర్డోవిషియన్ కాలం సుమారు 48.5 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై సుమారు 44.4 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసింది. ఈ కాలపు శిలలను దశలుగా విభజించడానికి శాస్త్రజ్ఞులు ప్రధానంగా ట్రైలోబైట్, గ్రాప్టొలైట్ శిలాజాలను ఆధారం చేసుకున్నారు. తొలినాళ్ళలో ట్రైలోబైట్లకున్న ప్రాధాన్యం క్రమంగా గ్రాప్టొలైట్లకు ఎందుకు మారింది? ఆ మార్పు వెనుక ఉన్న తర్కం ఎంత బలమైనది? దాని పరిమితులేమిటి? ఈ ప్రశ్నలను చర్చించి, స్థలభేదాన్ని కాలభేదంగా పొరబడడమే యుగ విభజనలో మౌలికమైన దోషమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితో తెలుగు సాహిత్య చరిత్రలోని రెండు యుగనామాలను పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆర్డోవిషియన్, ట్రైలోబైట్, గ్రాప్టొలైట్, లాప్‌వర్త్, సరిహద్దు బిందువు, యుగ విభజన, సాహిత్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య చరిత్రను బోధించే ప్రతి అధ్యాపకునికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒక యుగం ఎక్కడ ముగిసింది, మరొక యుగం ఎక్కడ మొదలైంది, ఆ గీత గీసింది ఎవరు అని విద్యార్థి అడుగుతాడు. రాజవంశాన్ని బట్టి, కవిని బట్టి, ప్రక్రియను బట్టి అని సమాధానం చెబుతాం. ఒకే చరిత్రకు ఇన్ని కొలమానాలు ఎందుకన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇదే ప్రశ్నను మరింత విస్తృతమైన కాలపరిధిలో ఎదుర్కొన్న శాస్త్రం స్తరశాస్త్రం. శిలల పొరల క్రమాన్ని చదివి కాలాన్ని నిర్ణయించడం దాని పని. రాతిపొర తన వయస్సు తాను చెప్పదు. అందులో చిక్కుకున్న జీవుల అవశేషాలను సాక్షులుగా పిలవవలసి ఉంటుంది. ఏ సాక్షి మాట నమ్మాలన్న విచారణ 19వ శతాబ్దిలో మొదలై ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఆ విచారణకు ఆర్డోవిషియన్ కాలం చక్కని ఉదాహరణ.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ కాలపు శిలలు లేవు. కడప, కర్నూలు ప్రాంతాల అవక్షేప శిలలు అంతకంటె ఎంతో ప్రాచీనమైనవి. గోదావరి లోయలోని బొగ్గుపొరలు అంతకంటె ఎంతో తరువాతివి. మధ్యనున్న ఈ అధ్యాయం మన నేలపై చదవడానికి దొరకదు. కాబట్టి ఈ చర్చకు వేల్స్, స్కాట్లాండ్, స్వీడన్, చైనా, అమెరికాలలోని శిలలనే ఆశ్రయించాలి.

2. వివాద నేపథ్యం:

ఆడమ్ సెడ్జ్‌విక్, రోడరిక్ మర్చిసన్ అనే ఇద్దరు బ్రిటిష్ భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు వేల్స్ ప్రాంతపు ప్రాచీన శిలలను అధ్యయనం చేశారు. సెడ్జ్‌విక్ కింది పొరల నుంచి పైకి వస్తూ తన శిలావ్యవస్థకు కేంబ్రియన్ అని పేరు పెట్టాడు. మర్చిసన్ పై పొరల నుంచి కిందికి వెళుతూ తన వ్యవస్థకు సైలూరియన్ అని పేరు పెట్టాడు. 1835లో ఇద్దరూ కలిసి ఈ రెండు వ్యవస్థలను ప్రకటించారు. మధ్యలో కొన్ని పొరలు ఇద్దరి పరిధిలోకీ వచ్చాయని తరువాత తేలింది. సెడ్జ్‌విక్ ఎగువ కేంబ్రియన్ అన్న శిలలనే మర్చిసన్ దిగువ సైలూరియన్ అన్నాడు. మిత్రులు ప్రత్యర్థులయ్యారు. 1871లో మర్చిసన్, 1873లో సెడ్జ్‌విక్ మరణించే నాటికీ వివాదం తీరలేదు.

1879లో చార్లెస్ లాప్‌వర్త్ ఆ వివాదాస్పద శిలలకు ప్రత్యేక వ్యవస్థగా గుర్తింపు ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఉత్తర వేల్స్‌లో నివసించిన ప్రాచీన కెల్టిక్ తెగ ఆర్డోవీసుల పేరు మీదుగా దానికి ఆర్డోవిషియన్ అని నామకరణం చేశాడు. దీన్ని కేవలం రాజీ సూత్రంగా చూపడం పరిపాటి. ఆ అభిప్రాయం సమగ్రం కాదు. ఈ శిలల్లోని జీవజాలం కింది కేంబ్రియన్ జీవజాలం కంటె, పైన ఉన్న సైలూరియన్ జీవజాలం కంటె భిన్నమైనదన్న వాదమే లాప్‌వర్త్ ప్రతిపాదనకు మూలం. ఇద్దరి కలహం ఆ ప్రతిపాదనకు సందర్భం మాత్రమే. అయినా అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభ ఆమోదం లభించడానికి 1960 వరకు నిరీక్షించవలసి వచ్చింది.

3. ట్రైలోబైట్ల సాక్ష్యం:

ట్రైలోబైట్లు సముద్రంలో నివసించిన కీళ్ళకాళ్ళ జీవులు. దేహం నిలువుగా మూడు భాగాలుగా కనిపించడం వల్ల వాటికా పేరు వచ్చింది. కేంబ్రియన్ కాలంలో కనిపించిన ఈ జీవులు పర్మియన్ కాలాంతంలో పూర్తిగా అంతరించాయి. సున్నపు పదార్థంతో గట్టిపడిన వాటి పైపెంకు శిలాజంగా నిలవడానికి అనువైనది. పెరిగేటప్పుడు పెంకును అనేకసార్లు విడవడం వల్ల ఒకే జీవి నుంచి అనేక శిలాజాలు మిగిలే అవకాశం కూడా ఉంది.

వేల్స్‌లోని లాండైలో ప్రాంతంలో దొరికిన ఒక ట్రైలోబైట్‌ను ఎడ్వర్డ్ లూయిడ్ 1698లో చిత్రించి, చదునైన చేప అస్థిపంజరంగా భావించాడు. గుర్తింపు తప్పయినా నమోదు విలువైనదే. ఆ ప్రాంతం పేరే తరువాత ఆర్డోవిషియన్‌లో ఒక శ్రేణికి పేరయింది. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఈ వ్యవస్థను ట్రెమడాక్, అరెనిగ్, లాన్‌వెర్న్, లాండైలో, కారడాక్, ఆష్‌గిల్ అనే శ్రేణులుగా విభజించారు. ఇవి చాలావరకు ఆయా ఊళ్ళ, కొండల, ప్రాంతాల పేర్లే. వీటిలో కొన్నింటిని గుర్తించడానికి ట్రైలోబైట్లు, బ్రాకియోపాడ్లు అనే గుల్లజీవులు ప్రధాన ఆధారాలయ్యాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆర్డోవిషియన్ ట్రైలోబైట్లలో ఎక్కువ భాగం సముద్రపు అడుగున జీవించాయి. నీటి లోతు, ఉష్ణోగ్రత, అడుగున ఉన్నది బురదా ఇసుకా అన్నవి వాటి ఉనికిని నిర్ణయించాయి. నాటి ఖండాల మధ్య విశాలమైన సముద్రాలున్నాయి. 1972లో విటింగ్టన్, హ్యూస్ అనే పరిశోధకులు ట్రైలోబైట్ల విస్తృతిని విశ్లేషించి, ఒకే కాలంలో వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు జీవసమూహాలు ఉండేవని నిరూపించారు. నేటి ఉత్తర అమెరికాకు మూలమైన ఖండం చుట్టూ ఒక సమూహం, బాల్టిక్ ప్రాంతంలో మరొకటి, దక్షిణాన గోండ్వానా తీరాల్లో ఇంకొకటి ఉండేవి.

దీని ఫలితం గమనించదగినది. రెండు చోట్ల ట్రైలోబైట్లు వేర్వేరుగా ఉంటే, ఆ శిలల కాలం వేరు కావచ్చు. కాలం ఒకటే అయి స్థలం వేరు కావచ్చు. ట్రైలోబైట్ ఒక్కటే ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చలేదు. ప్రాచీన ఖండాల స్థానాలను గుర్తించడానికి అది ఉత్తమ సాక్షి. ఖండాంతరాలలో కాలాన్ని సరిపోల్చేటప్పుడు మాత్రం ఆ గుణమే ఆటంకమవుతుంది.

4. గ్రాప్టొలైట్ల సాక్ష్యం, లాప్‌వర్త్ పద్ధతి:

గ్రాప్టొలైట్ అన్న పేరుకు మూలమైన గ్రీకు పదాల అర్థం 'రాసిన రాయి'. నల్లని షేల్ రాతిపై అవి పెన్సిల్‌తో గీసిన గీతల్లా, రంపపు పళ్ళున్న సన్నని పట్టీల్లా కనిపిస్తాయి. 1735లో లిన్నేయస్ 'గ్రాప్టొలిథస్' అన్న పేరును నిజమైన శిలాజాలకు కాక, శిలాజాల్లా కనిపించే గుర్తులకు వాడాడు. అక్షరమని భ్రమింపజేసే గీత అన్న అనుమానం నుంచి, కాలాన్ని చెప్పే లిపి అన్న గౌరవం వరకు ఈ శిలాజాల చరిత్ర సాగింది.

గ్రాప్టొలైట్లు సామూహికంగా జీవించిన చిన్న సముద్రజీవులు. ఒక్కొక్క జీవి ఒక్కొక్క చిన్న గొట్టంలో ఉండేది. అలాంటి గొట్టాల వరుసే ఒక సమూహం. ఆర్డోవిషియన్ ఆరంభంలో వీటిలో కొన్ని నీటిలో తేలియాడే జీవనాన్ని అలవరచుకున్నాయి. ప్రవాహాల వెంట విశాల సముద్రాల్లో వ్యాపించాయి. మరణించినవి ప్రాణవాయువు లేని లోతైన బురదలో పడి, ఆ బురద నల్లని షేల్‌గా మారినప్పుడు భద్రంగా నిలిచాయి. వీటిలోని జాతులు వేగంగా మారాయి. కాలాన్ని సూచించే శిలాజానికి మూడు లక్షణాలు అవసరం: జాతి స్వల్పకాలం జీవించి ఉండాలి, విశాల ప్రాంతంలో వ్యాపించి ఉండాలి, సులభంగా గుర్తించడానికి వీలుండాలి. ఈ మూడూ గ్రాప్టొలైట్లకు ఉన్నాయి.

ఈ సత్యాన్ని క్షేత్రంలో నిరూపించినవాడు లాప్‌వర్త్. ఆయన వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. వాల్టర్ స్కాట్ రచనలపై అభిమానం ఆయనను 1864లో స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలోని గాలాషీల్స్‌కు రప్పించింది. అక్కడ బోధిస్తూ, తీరిక సమయాల్లో చుట్టుపక్కల కొండల శిలలను పరిశీలించాడు. ఆ కొండల్లో ఇసుకరాళ్ళ మధ్య నల్లని షేల్ పట్టీలు పదే పదే కనిపిస్తాయి. అవన్నీ ఒకదానిపై ఒకటి క్రమంగా పేరుకున్న వేర్వేరు పొరలని, ఆ శిలాసముదాయం మందం అపారమని అప్పటి అభిప్రాయం. లాప్‌వర్త్ డాబ్స్ లిన్ వంటి చోట్ల షేల్‌ను పట్టీ పట్టీగా పరిశీలించి, ఏ మట్టంలో ఏ గ్రాప్టొలైట్ ఉందో నమోదు చేశాడు. ఎక్కడ చూసినా జాతుల వరుస ఒకటే. కొన్నిచోట్ల ఆ వరుస తలకిందులుగా ఉంది. పలు పట్టీలుగా కనిపించినది నిజానికి మడతలు పడి మళ్ళీ మళ్ళీ పైకి తేలిన ఒకే పలుచని షేల్ సముదాయమని ఆయన నిర్ధారించాడు. 1878లో ప్రచురించిన మాఫట్ శిలల వ్యాసంలో ఈ నిరూపణ ఉంది.

1882లో గర్వాన్ ప్రాంతంపై చేసిన అధ్యయనం మరొక మెట్టు. మాఫట్‌లో పలుచగా ఉన్న కాలఖండానికి గర్వాన్‌లో ఎంతో మందమైన శిలలున్నాయి. వాటిలో ట్రైలోబైట్లు, గుల్లజీవులు సమృద్ధిగా ఉన్నాయి. మధ్య మధ్య గ్రాప్టొలైట్ షేల్ పొరలూ ఉన్నాయి. ఆ షేల్ పొరలే రెండు ప్రాంతాలకూ వారధి అయ్యాయి. పలుచని పొర తక్కువ కాలానికి, మందమైన పొర ఎక్కువ కాలానికి గుర్తు కాదని దీనివల్ల స్పష్టమైంది. తరువాత లాప్‌వర్త్ సంపాదకత్వంలో గెర్ట్రూడ్ ఎలెస్, ఎథెల్ వుడ్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 1901-1918 మధ్య వెలువరించిన బ్రిటిష్ గ్రాప్టొలైట్ల బృహద్గ్రంథం ఈ పద్ధతికి స్థిరమైన పునాది వేసింది.

5. నేటి ఏడు దశలు:

1997-2007 మధ్య ఆర్డోవిషియన్ వ్యవస్థలోని ఏడు దశలకూ అంతర్జాతీయ సరిహద్దు బిందువులు ఆమోదం పొందాయి. ప్రతి దశ ఆరంభానికి ప్రపంచంలో ఒక్కచోట, ఒక్క శిలాఛేదంలో, ఒక్క బిందువును ఎంచుకుంటారు. అక్కడ ఒక నిర్దిష్ట జాతి తొలిసారి కనిపించడం దానికి మార్గదర్శకం.

ట్రెమడోసియన్ దశకు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో గ్రీన్ పాయింట్ వద్ద, డాపింజియన్ దశకు చైనాలోని హువాంగ్‌హువాచాంగ్ వద్ద సరిహద్దు బిందువులున్నాయి. ఈ రెండింటికీ కోనోడాంట్లు అనే సూక్ష్మమైన దంతాకార శిలాజాలు ఆధారం. ఫ్లోయన్ దశకు స్వీడన్‌లోని హున్నెబెర్గ్, డారివిలియన్ దశకు చైనాలోని హువాంగ్నిటాంగ్, శాండ్‌బియన్ దశకు స్వీడన్‌లోని ఫోగెల్‌సాంగ్, కేటియన్ దశకు అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో బ్లాక్ నాబ్ రిడ్జ్, హిర్నాంటియన్ దశకు చైనాలోని వాంగ్జియావాన్ ఆధార స్థలాలు. ఈ అయిదింటికీ గ్రాప్టొలైట్లే ఆధారం. ఏడింటిలో ట్రైలోబైట్ ఆధారంగా నిర్ణయించిన సరిహద్దు ఒక్కటీ లేదు.

దీన్నిబట్టి ట్రైలోబైట్ స్వభావతః అనర్హమైన సాక్షి అని తీర్మానించడం తొందరపాటు. కేంబ్రియన్ వ్యవస్థలో వూలియువన్, డ్రూమియన్, గుజాంజియన్, పైబియన్, జియాంగ్‌షానియన్ అనే అయిదు దశల సరిహద్దులకు ట్రైలోబైట్లే మార్గదర్శకాలు. వీటిలో నాలుగు దశలకు ఆగ్నోస్టాయిడ్లు అనే చిన్న జీవులు ఆధారం. అవి నిజమైన ట్రైలోబైట్లేనా అన్న చర్చ ఉన్నా, వాటి విస్తృతి నిర్వివాదం. వూలియువన్ దశకు ఆధారమైన ఒరిక్టోసెఫాలస్ ఇండికస్ అన్న జాతిని మొదట మన హిమాలయాల్లోని స్పితి ప్రాంతపు నమూనాల నుంచి 1910లో వర్ణించారు. కాబట్టి సాక్షి యోగ్యత దాని వంశాన్ని బట్టి కాక, ఆ కాలంలో అది జీవించిన తీరును బట్టి నిర్ణయమవుతుంది.

6. లాండైలో శ్రేణి పతనం:

పద్ధతి మార్పు ఎంత దూరం వెళ్ళిందో లాండైలో ఉదంతం తెలుపుతుంది. లాండైలో, కారడాక్ ఒకదాని తరువాత ఒకటి వచ్చిన కాలాలని చాలాకాలం భావించారు. ఒకటి దక్షిణ వేల్స్‌లో, మరొకటి ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో గుర్తించిన శ్రేణులు. రెండు చోట్లా శిలలు గుల్లజీవులతో, ట్రైలోబైట్లతో నిండినవే. నెమాగ్రాప్టస్ గ్రాసిలిస్ అన్న గ్రాప్టొలైట్ జోన్‌తో సరిపోల్చినప్పుడు, లాండైలో ఎగువ భాగమూ కారడాక్ ఆరంభమూ ఒకే కాలానివని తేలింది. వరుసగా వచ్చాయనుకున్న రెండు అధ్యాయాలలో కొన్ని పుటలు ఉమ్మడివన్నమాట.

1995లో రిచర్డ్ ఫోర్టీ, ఆయన సహచరులు బ్రిటిష్ విభజనను సవరించినప్పుడు లాండైలో శ్రేణి స్థాయిని కోల్పోయింది. లాన్‌వెర్న్ శ్రేణిలో ఒక దశగా మాత్రమే మిగిలింది. ఫోర్టీ ట్రైలోబైట్ల పరిశోధనలో అగ్రగణ్యుడు. తన అభిమాన శిలాజం పక్షాన నిలవక, సాక్ష్యం చెప్పినదాన్ని అంగీకరించిన ఈ సవరణ విమర్శకునికి ఉండవలసిన నిష్పాక్షికతకు నిదర్శనం. లూయిడ్ 1698లో చిత్రించిన శిలాజం విలువ దీనివల్ల తగ్గలేదు. ఒక స్థలాన్ని కాలంగా పిలిచిన అలవాటు మాత్రమే సరిదిద్దబడింది.

7. పద్ధతి పరిమితులు:

గ్రాప్టొలైట్ పద్ధతికీ విమర్శ తప్పదు. మొదటిది, ఒక జాతి ఒకచోట తొలిసారి కనిపించడం ఆ జాతి పుట్టుక కాదు. అది అక్కడికి చేరుకోవడం మాత్రమే కావచ్చు. రెండవది, లోతు తక్కువైన సముద్రపు సున్నపురాళ్ళలో గ్రాప్టొలైట్లు అరుదు. అక్కడ కోనోడాంట్లు, ట్రైలోబైట్లు లేకుండా పని సాగదు. మూడవది, జాతుల గుర్తింపు మారవచ్చు. గ్రీన్ పాయింట్ సరిహద్దుకు ఆధారమైన కోనోడాంట్ జాతి గుర్తింపును 2012లో వెలువడిన పునఃపరిశీలన ప్రశ్నించింది. డాబ్స్ లిన్‌లోని ఆర్డోవిషియన్-సైలూరియన్ సరిహద్దుకు మొదట చెప్పిన గ్రాప్టొలైట్ జాతి స్థానంలో తరువాత మరొకదాన్ని పేర్కొన్నారు. అయినా బిర్క్‌హిల్ షేల్ అడుగు నుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉన్న ఆ బిందువు కదలలేదు.

ఈ చివరి విషయమే పద్ధతిలోని సారం. నిర్వచనం రాతిలోని బిందువుది. శిలాజం దానికి దారి చూపే గుర్తు. గుర్తును సవరించినా నిర్వచనం నిలుస్తుంది. సరిహద్దు ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు ఒప్పుకున్న నిర్ణయం అన్న స్పృహ ఇందులో ఉంది. ఆ నిర్ణయానికి ఆధారమేదో, అది ఎక్కడుందో బహిరంగంగా చెప్పడం వల్లనే దాన్ని ఎవరైనా పరీక్షించగలుగుతారు.

హిర్నాంటియన్ దశ ఇంకొక పాఠం నేర్పుతుంది. దాని పేరు వేల్స్‌లోని హిర్నాంట్‌ది. సరిహద్దు బిందువు చైనాది, ఆధారం గ్రాప్టొలైట్. అయితే ఆ కాలంలో హిమానీనదాలు విస్తరించి సముద్రాలు చల్లబడిన తీరును, జీవజాతుల సామూహిక వినాశనాన్ని అర్థం చేసుకోవడానికి హిర్నాంటియా అనే బ్రాకియోపాడ్ సముదాయాన్నీ, దాని వెంట దొరికే ట్రైలోబైట్లనూ ఆశ్రయించక తప్పదు. కాలం ఎప్పుడన్నది ఒక సాక్షి చెబితే, ఆ కాలంలో ఏం జరిగిందన్నది చెప్పడానికి ఇతర సాక్షులు కావాలి.

8. తెలుగు సాహిత్య యుగ విభజనకు అన్వయం:

ఈ చర్చ మన సాహిత్య చరిత్రకు రెండు ప్రశ్నలు వేస్తుంది. మొదటిది శివకవియుగం, తిక్కనయుగాల క్రమం. పాల్కురికి సోమనాథుడు ఓరుగల్లు రాజ్యపరిధిలో ద్విపదలో శైవసాహిత్యాన్ని సృష్టించాడు. తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి 13వ శతాబ్దిలో భారతాన్ని రచించాడు. సోమనాథుని కాలం కాకతి మొదటి ప్రతాపరుద్రునిదా, రెండవ ప్రతాపరుద్రునిదా అన్నది పండితుల మధ్య చిరకాల వివాదం. రెండవ అభిప్రాయమే నిజమైతే శివకవియుగంలోని ప్రధాన కవి తిక్కన తరువాతివాడవుతాడు. అయినా పాఠ్యప్రణాళికల్లో శివకవియుగం ముందు, తిక్కనయుగం తరువాత అన్న వరుస స్థిరపడింది. మతం, ఛందస్సు, ప్రాంతం వేరైన రెండు ధారలను కాలక్రమంలో పేర్చడం లాండైలో, కారడాక్‌లను పేర్చినట్లే కాదా అన్నది విచారణీయం.

రెండవది దక్షిణాంధ్రయుగం. ఈ పేరులోనే స్థలం ఉంది. తంజావూరు, మధుర నాయకరాజుల ఆస్థాన సాహిత్యానికి అది తగిన పేరే. దాన్ని మొత్తం తెలుగు సాహిత్యానికి కాలనామంగా వాడినప్పుడే సమస్య. తంజావూరులో విజయరాఘవ నాయకుడు పాలిస్తున్న కాలంలోనే, 1656లో, పల్నాటి సీమలో కాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథానికి పూనుకున్నాడు. ఆ గ్రంథాన్ని దక్షిణాంధ్రయుగం కింద చదివే విద్యార్థి పల్నాడును మనస్సులో తంజావూరు చెంతకు చేర్చవలసి వస్తుంది.

ఈ పోలికకు హద్దు కూడా చెప్పాలి. అంతరించిన గ్రాప్టొలైట్ జాతి మళ్ళీ పుట్టదు. సాహిత్యంలో ద్విపద, శతకం, యక్షగానం ఏ కాలంలోనైనా పునరుజ్జీవం పొందవచ్చు. కాబట్టి ఏ ప్రక్రియా గ్రాప్టొలైట్‌లా నమ్మదగిన కాలసూచిక కాలేదు. శాసనాలు, గద్యల్లోని కవి స్వవిషయాలు, కృతిపతుల కాలం, తేదీ ఉన్న తాళపత్ర ప్రతులు కాలనిర్ణయానికి పనికొస్తాయి. ప్రక్రియ, ఛందస్సు, మతం, ఆస్థానం రచన స్వభావాన్ని చెబుతాయి. మొదటి తరగతి సాక్ష్యంతో గీయవలసిన గీతను రెండవ తరగతి సాక్ష్యంతో గీయడం వల్లనే మన యుగనామాలు చిక్కుపడుతున్నాయి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

1. ఆర్డోవిషియన్ దశల నిర్ణయంలో ట్రైలోబైట్ల నుంచి గ్రాప్టొలైట్లకు ప్రాధాన్యం మారడానికి కారణం అభిరుచి మార్పు కాదు. స్థలాన్ని సూచించే సాక్ష్యాన్నీ కాలాన్ని సూచించే సాక్ష్యాన్నీ వేరు చేయగలిగిన వివేకం.

2. కాలనిర్ణయంలో వెనుకబడిన సాక్షి చరిత్ర రచనలో వెనుకబడదు. నాటి ఖండాలను, వాతావరణాన్ని, జీవనాన్ని తెలుసుకోవడానికి ట్రైలోబైట్ అవసరం తగ్గలేదు.

3. సరిహద్దు మానవ నిర్ణయమైనా, ఆధారం బహిరంగంగా ఉన్నప్పుడు అది స్వేచ్ఛానుసార నిర్ణయం కాదు.

4. తెలుగు సాహిత్య చరిత్రలో స్థల, మత, ప్రక్రియా నామాలను కాలనామాలుగా వాడే అలవాటును పునఃపరిశీలించాలి. యుగాలకు ముందు శతాబ్దుల చట్రాన్ని నిలిపి, ఆ చట్రంలో ఓరుగల్లు, నెల్లూరు, తంజావూరు, పల్నాడులను పక్కపక్కన చూపితే, ఒకే కాలంలో తెలుగు ఎన్ని రూపాల్లో వికసించిందో విద్యార్థికి తెలుస్తుంది.

మాఫట్ కొండల్లో ఒకే పొరను పలు పొరలుగా లెక్కించిన పొరపాటును సరిదిద్దడానికి ఒక ఉపాధ్యాయుడు ప్రతి పట్టీనీ మళ్ళీ చదివాడు. సాహిత్య చరిత్ర బోధకులు చేయవలసిన పని కూడా అదే. యుగనామాన్ని పాఠంగా అప్పగించే ముందు, ఆ పేరు కాలాన్ని చెబుతున్నదా, స్థలాన్ని చెబుతున్నదా అని పరీక్షించాలి.